పెదతోటకు భూగోళం మాస్టారు

అక్క రాజకుమారి పోయిన రోజు సాయంత్రం నారాయణమూర్తి ఆవిడ పెరటి నూతి గట్టు మీద ఎర్ర రంగుతో 'ఒకటి' అని రాశాడు. ఎందుకు రాశావని ఎవరూ అడగలేదు. ఏడుపు రాని మనిషికి చేతికి ఏదో ఒక పని కావాలి. పదకొండో రోజు నాటికి పెదతోటలో ఉన్న ఇరవై మూడు నూతులకూ అంకెలు పడ్డాయి.

ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు. జబ్బు కిడ్నీలది. నౌపడ దాటాక జీడితోటల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఆ జబ్బు తొంగిచూడని ఇల్లు తక్కువ. నీళ్లలో ఉందన్నవారున్నారు, నేలలో ఉందన్నవారున్నారు, ఎండలో చాకిరీ వల్ల అన్నవారూ ఉన్నారు. ఆఖరి రోజుల్లో అక్క ఒక్కటే అడిగింది: "భూగోళం సదివేవు గదరా. ఏ నూతి నీళ్లు తాగకూడదో సెప్పలేవా?" నారాయణమూర్తి విజయనగరంలో ఒక విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రం చెబుతున్నాడు. నైలు నది ఎక్కడ పుట్టిందో చెప్పగలడు. ఇది చెప్పలేకపోయాడు.

ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే తేలే విషయం కాదది. ఎవరో ఒకరు అయిదేళ్లు అక్కడే ఉండి, ప్రతి నుయ్యీ ప్రతి ఋతువులోనూ కొలవాలి. ఎవరు ఏం తింటున్నారో, ఏ పొలంలో ఎంతసేపు పని చేస్తున్నారో రాసుకోవాలి. నారాయణమూర్తి శాఖలో ఆరు కుర్చీలుంటే అయిదు ఖాళీ. ఆరో దానిలో ఆయన కూర్చుని ఆరేళ్లు ఉత్తరాలు రాశాడు. చివరికి 'సమాజ ఆరోగ్యం, సుస్థిరత అధ్యయనం కోసం' ఒక్క సహాయ ఆచార్య ఉద్యోగం మంజూరైంది. మార్చి ముప్ఫై ఒకటి లోపల ఆ చోటు నింపాలి, లేకపోతే ఉద్యోగం మురిగిపోతుంది. జూన్ ఆఖరుకు నారాయణమూర్తి పదవీ విరమణ. ఆ తరువాత ఉత్తరాలు రాయడానికి కూడా శాఖలో మనిషి ఉండడు.

అందుచేత మార్చి నెలలో ఆ మంగళవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా సాదాది. ఆరున్నరకు విజయనగరంలో జీపు బయలుదేరుతుంది. అందులో ఆయన, బయటి నుంచి వచ్చిన నిపుణుడు ధర్మేంద్ర, ముగ్గురు అభ్యర్థులు. పదింటికి పెదతోట. అభ్యర్థులు నూతులు చూస్తారు, నీళ్లు పడతారు, ఊరివాళ్లతో మాట్లాడతారు. మధ్యాహ్నం బడి వరండాలో ఇంటర్వ్యూ. గదిలో కూర్చుని ప్రశ్నలు అడిగితే పుస్తకం చదివినవాడే నెగ్గుతాడని, ఊరే ప్రశ్నాపత్రం కావాలని పట్టుబట్టింది నారాయణమూర్తే. ఆ సంగతి తరువాత ఆయనకు చాలాసార్లు గుర్తుకొచ్చింది.

మూడు రోజుల ముందు ఆయన దేముడమ్మకు ఫోన్ చేశాడు. దేముడమ్మ అక్కకు తోటికోడలు. ఊళ్లో మహిళా సంఘానికి ఆవిడే నాయకురాలు.

"అక్కా, మంగళవారం ముగ్గురు మాస్టార్లు వస్తారు. ఊరు చూస్తారు. వాళ్లలో ఒకరు అయిదేళ్లు మనూళ్లోనే ఉంటారు."

"ఊరు నచ్చితేనే గదా తమ్ముడూ ఉంటారు?"

"ఆ, నచ్చాలనుకో. కానీ ఏ హడావుడీ చెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించండి చాలు."

"అలాగేలే. నువ్వేటీ బెంగెట్టుకోకు. నాను సూసుకుంతాను."

పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట అంటారు, ఏ హడావుడీ వద్దండీ అని. ఆ మాట నమ్మి చేతులు ముడుచుకుని కూర్చున్న తండ్రి జిల్లా మొత్తం మీద లేడు. పెదతోటలో ఆ హడావుడి మగపిల్లవాడి వైపు వాళ్లది. ఎందుకంటే అక్కడికి పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయిని కాదు, నూతిని చూడడానికి వస్తారు. దేముడమ్మ కొడుకు గోపి ఆటో నడుపుతాడు, ముప్ఫై దగ్గర పడింది. మూడు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి. వచ్చినవాళ్లంతా కాఫీ తాగారు గాని మంచినీళ్లు ముట్టుకోలేదు. కాఫీ ఏ నీళ్లతో కాచారో మాత్రం అడగలేదు.

కాబట్టి ఇలాంటి రాకపోకలకు ఊళ్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. జబ్బు మనుషుల్ని బంధువుల ఇళ్లకు పంపాలి. మందుల చీటీలు బియ్యం డబ్బాలోకి వెళ్లాలి. అతిథికి క్యాను నీళ్లు ఇవ్వాలి. నూతి గట్లకు సున్నం, నూతుల్లో బ్లీచింగ్. మాస్టార్లు అయిదేళ్లు కాపురం ఉండడానికి వస్తున్నారంటే ఇది మామూలు సంబంధం కాదని దేముడమ్మ సంఘం వాళ్లందరికీ చెప్పింది. మంచినీళ్లు లేని ఊరికి పిల్లే రాదు, ఉద్యోగస్తుడు వస్తాడా?

జీపు పెదతోట మలుపు తిరుగుతుండగా ఎదురుగా గోపి ఆటో వచ్చింది. అందులో పదకొండు మంది ఉన్నారు. మండే ఎండలో అందరూ సూదుల మచ్చలు కనపడకుండా మణికట్టు దాకా చేతులున్న చొక్కాలు తొడుక్కుని, తలపాగాలు చుట్టుకున్నారు. ముందు సీట్లో గోపి తండ్రి చినబాబు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి. నారాయణమూర్తి జీపు ఆపించాడు.

"బావా, ఎక్కడికి?"

"జాతరకెల్తన్నాం బావా!" అన్నాడు చినబాబు హుషారుగా.

"ఏ జాతర?"

"ఎల్లేక తెలుస్తాదిలే. పోనీరా గోపీ!"

ఆటో దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. ధర్మేంద్ర పుస్తకం తీసి రాసుకున్నాడు: వృద్ధులు ఉల్లాసంగా ఉన్నారు, సామాజిక జీవనం చురుకుగా ఉంది.

ఊళ్లో దిగేసరికి నారాయణమూర్తికి కళ్లు బైర్లు కమ్మాయి. ఇరవై మూడు నూతులూ తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్క అంకె కనిపించలేదు. వీధి పొడుగునా బ్లీచింగ్ చారలు. బడి వరండాలో మూడు కుర్చీలు వేసి, ఒక్కోదాని మీద కొత్త తువ్వాలు పరిచారు. జీడిపప్పు ఉప్మా, కొబ్బరి బోండాలు. పట్టుచీరల్లో సంఘం వాళ్లు. అభ్యర్థులు ఊరిని ప్రశ్నించేలోపలే దేముడమ్మ వాళ్లని ప్రశ్నించడం మొదలుపెట్టింది.

"మీ ఇంటిపేరేటి బాబూ?" అని మొదటి అభ్యర్థి దేవేంద్రని అడిగింది. అతను చెప్పాడు. "ఒంట్లో ఏ జబ్బూ నేదు గదా?"

"కొంచెం గ్యాసు ఉందండీ."

"మా ఊరి నీళ్లు తాగితే పోద్ది. తాగు బాబూ, తాగు."

దేవేంద్ర తాగాడు. బాగున్నాయన్నాడు. బాగుండకేం, రాత్రికి రాత్రే పలాస నుంచి తెప్పించిన క్యాను నీళ్లు. రెండో అభ్యర్థి నవీన్ ఏడు గ్లాసులు తాగి, ఇంత తియ్యటి నీళ్లు తాను ఎక్కడా తాగలేదని దేముడమ్మకు నమస్కారం పెట్టాడు. సంఘం వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ సంబంధం కుదిరేలాగే ఉంది.

నూతుల దగ్గర ఇంకో అడ్డంకి వచ్చింది. నవీన్ చేద అందుకోబోతే ఆడవాళ్లు ఊరుకోలేదు. "ఓలమ్మ! ఇంటికొచ్చిన మనిసి సేత నీళ్లు తోడిత్తామేటి? సీసాలిటివ్వండి, మేం పట్టుకొత్తాం" అని ఇరవై మూడు సీసాలూ లాక్కున్నారు. పావుగంటలో ఇరవై మూడూ నిండి, మూతలు బిగించుకుని, తుడిచి తళతళలాడుతూ వచ్చాయి. నింపింది ఏ క్యానుతోనో దేముడమ్మకే తెలుసు.

ధర్మేంద్ర తన పెట్టె తెరిచి ఒక్కొక్క సీసా పరీక్షించాడు. మొదటి సీసాకు వచ్చిన లెక్కే రెండో దానికి వచ్చింది. మూడో దానికీ అదే. ఇరవై మూడో దాని దాకా దశాంశం కూడా మారలేదు.

"అద్భుతం!" అన్నాడు దేవేంద్ర. "సార్, దీన్నిబట్టి ఊరి కింద అంతా ఒకే జలపొర పరుచుకుని ఉందని అర్థమవుతోంది. దీని మీద నేను ఒక సిద్ధాంతం ప్రతిపాదిస్తాను." అని అక్కడికక్కడే కాగితం మీద భూగర్భాన్ని గీసేశాడు. బొమ్మ చాలా బాగుంది.

మూడో అభ్యర్థి అనూరాధ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. భోగాపురం పక్క సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోకుండా వీధులన్నీ తిరిగి వచ్చింది.

"అమ్మా, ఊళ్లో నలభై దాటిన మగాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఎక్కడున్నారు?"

"పనికెల్లేరమ్మా" అంది దేముడమ్మ.

"డెబ్బై ఏళ్లవాళ్లు కూడానా?"

"మా ఊరోళ్లు గట్టోళ్లు."

అనూరాధ నవ్వింది. ధర్మేంద్ర వైపు తిరిగి, "సార్, ఇవి నూతి నీళ్లు కావు. నూతుల్లో బ్లీచింగ్ వేశారు, వారం దాకా కొలవడానికి పనికిరావు. నేను ఈ ఊరిని ఇంకా చూడలేదు. చూడని ఊరి గురించి ఏమీ చెప్పలేను" అంది.

"మీకెలా తెలుసు?"

"మా పక్క విమానాశ్రయానికి స్థలాలు చూడడానికి అధికారులు వచ్చినప్పుడు మావాళ్లూ ఇలాగే ఇళ్లకి రంగులేసుకున్నారు సార్. ఊరు బాగుంటే వదిలేస్తారనుకున్నారు."

"వదిలేశారా?"

"రంగు బాగుందన్నారు సార్."

నారాయణమూర్తి అక్కడ ఉండలేకపోయాడు. దేముడమ్మని బడి వెనక్కి తీసుకెళ్లాడు. "ఏటక్కా ఇది? ఉన్నది ఉన్నట్టు చూపించమన్నాను కదా!"

"ఉన్నది ఉన్నట్టు సూపిత్తే ఎవులుంతారు తమ్ముడూ మా ఊళ్లో? నువ్వే సెప్పు. సదువుకున్నోడివి, నీ అక్క ఊరు గాబట్టి నువ్వొత్తన్నావు. నువ్వైనా మా ఇంట్లో మంచినీళ్లు తాగి ఎన్నాళ్లయినాది?"

నారాయణమూర్తి చేతిలో సంచిని వెనక్కి జరుపుకున్నాడు. ఆరేళ్లుగా ఆయన పెదతోటకు ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకుంటున్నాడు. ఈ రోజూ సంచిలో సీసా ఉంది.

ఇంటర్వ్యూలు అయ్యాయి. ధర్మేంద్ర చెడ్డవాడు కాదు, పద్ధతి గల మనిషి. ఎంపిక నివేదిక స్వయంగా రాశాడు. మొదటి పేరాలో అనూరాధను ఏకగ్రీవంగా ఎంపిక చేసినట్టు ఉంది. నారాయణమూర్తి ప్రాణం లేచి వచ్చింది. రెండో పేరాలో ఊళ్లో ఇరవై మూడు నూతుల నీళ్లూ తాగడానికి యోగ్యమని, గ్రామస్తుల్లో వ్యాధి లక్షణాలేవీ కనిపించలేదని ఉంది.

"రెండో పేరా తీసేయండి సార్. వాళ్లు దాచారు. ఆ అమ్మాయి చెప్పింది కదా."

"చెప్పింది, అందుకే ఎంపిక చేశాను. కానీ కనిపించింది రాస్తాను మూర్తిగారూ. కనిపించనిది రాస్తే అది భూగోళం కాదు, పురాణం. మీకు సమ్మతం కాకపోతే సంతకం పెట్టకండి. అప్పుడు మొత్తం రద్దవుతుంది. ఈ నెలలో ఇంకో కమిటీ కూర్చోదు."

నారాయణమూర్తి ఆలోచించాడు. ముందు మనిషి రావాలి. వచ్చిన మనిషి ఏడాదిలో ఆ పేరా తప్పని తానే రాస్తుంది. సంతకం పెట్టాడు.

పది రోజుల తరువాత విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి అనూరాధ ఎంపికను ఆమోదిస్తూ. రెండోది, సదరు గ్రామంలో ఆరోగ్య సమస్య లేదని నిపుణుల కమిటీయే నిర్ధారించినందున ఈ ఉద్యోగం అనవసరమని తెలియజేస్తూ.

అనూరాధ ఫోన్ చేసింది. "సార్, నేను ఎంపికయ్యానా, లేదా?"

"ఎంపికయ్యావమ్మా. ఉద్యోగం లేదు."

"మరి వాళ్లకెవరు సార్?" అని ఫోన్ పెట్టేసింది.

ఇంకా తొమ్మిది రోజులు మిగిలున్నాయి. నారాయణమూర్తి ఆఫీసులో అడిగితే, ఊళ్లో రోగులున్నారని వాళ్ల సంతకాలతో కాగితం తెస్తే మళ్లీ చూస్తామన్నారు. మర్నాడు ఆయన విషయం రాసిన కాగితం, పెన్నూ పట్టుకుని పెదతోటలో దిగాడు. ఆటోలో జాతరకు వెళ్లిన పదకొండు మందీ ఇళ్లలోనే ఉన్నారు. ముందు చినబాబు దగ్గరికి వెళ్లాడు.

ఇంట్లో గోడకు ఒక చట్రం వేలాడుతోంది. దేవుడి పటం అనుకుని దగ్గరికి వెళ్లి చూస్తే ధర్మేంద్ర నివేదిక. విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే గోపి ఫోన్‌లో చూసి, ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాడు. కింద నారాయణమూర్తి సంతకం స్పష్టంగా ఉంది.

"గజపతినగరమోళ్లు వొచ్చేరు తమ్ముడూ" అంది దేముడమ్మ. మొహం వెలిగిపోతోంది. "పిల్ల అరుణశ్రీ. బంగారం. వాళ్ల నాన్న ఈ కాయితం మూడుసార్లు సదివేడు. 'యూనివర్సిటీ వోళ్లే రాసేక మాకేటనుమానం?' అని మంచినీళ్లడిగి మరీ తాగేడు. వొచ్చే నెల ముహూర్తం."

చినబాబు మంచం మీద లేచి కూర్చుని, నారాయణమూర్తి చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. పెన్ను కూడా తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, దుప్పటి మీద పెట్టాడు.

"ఎడతాను బావా. ఎట్టనంటం నేదు. గోపీ పెళ్లవనీ. ఆ మర్నాడు నాను ఎట్టి, పదిమంది సేతా ఎట్టిత్తాను."

"అప్పటికి గడువు దాటిపోద్ది బావా."

"నాకూ గడువున్నాది గదా" అని నవ్వాడు చినబాబు. "ఎవులిది ముందో సూద్దాం."

గోపి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అని ఉంటే నారాయణమూర్తికి సులువుగా ఉండేది. ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మార్చి ముప్ఫై ఒకటో తేదీ అన్ని తేదీల్లాగే గడిచిపోయింది.

పెళ్లి బాగా జరిగింది. చినబాబు పట్టుపంచె కట్టుకుని, ఎవరు వద్దన్నా వినకుండా పీటల మీద కూర్చున్నాడు. ఆ తరువాత పద్ధెనిమిది రోజులు బతికాడు.

జూన్ ముప్ఫై. శాఖలో విద్యార్థులు నారాయణమూర్తికి శాలువా కప్పి, బొకే ఇచ్చారు. నాలుగున్నరకు బయటికి వచ్చేసరికి వరండాలో బల్లల మీద ఎనిమిది మంది వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్లో ఆసుపత్రి కవరు. నౌపడలో రైలెక్కి వచ్చారు. చివర బొట్టు లేని నుదురుతో దేముడమ్మ. అందరికీ ముందు నిలబడి, పసుపుతాడు ఇంకా నలగని ఒక అమ్మాయి.

"మావయ్యగారూ, నేను అరుణశ్రీని. ఆ మాస్టారమ్మ ఎప్పుడొస్తాది?"

నారాయణమూర్తి బొకే బల్ల మీద పెట్టాడు.

"కాపరానికొచ్చిన మూడో రోజునే తెలిసింది" అంది అరుణశ్రీ. "అత్త నన్ను నూతి కాడికి ఎల్లనివ్వదు. క్యాను నీళ్లే తాగమంటాది. కాయితంలో మంచివని రాసున్నాది గదా, ఎందుకు తాగకూడదని అడిగితే ఒక్కరూ పలకలేదు. మావగారొక్కరే చెప్పేరు. చెప్పి, తాను సంతకం ఎట్టాలి, మీ కాడికి తీసుకెళ్లమన్నారు. ఈలోగా..." ఆగిపోయింది.

"పెళ్లయిపోనాది తమ్ముడూ" అంది దేముడమ్మ. "ఇంక దాసుకోటానికి మాకేటీ నేదు. ఆ పిల్లని రమ్మను. కుర్సీలెయ్యం, ఉప్మా సెయ్యం. అన్నీ సూపిత్తాం. ఇదుగో సూత్తన్నావు గదా, అందరం వొచ్చీసేం."

అనూరాధ అప్పటికే ఎక్కడో దూరంగా ఒక ప్రైవేటు కాలేజీలో చేరిపోయింది. నారాయణమూర్తి ఆ మాట వాళ్లకు చెప్పలేదు. కొత్త కాగితం తీసి విషయం రాశాడు. ఎనిమిది మంది సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. అరుణశ్రీ తొమ్మిదో సంతకం పెట్టి, పక్కన 'కోడలు' అని రాసింది. ఆయన దాన్ని పట్టుకుని మెట్లు దిగి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

గుమస్తా కాగితం చూశాడు. "ఏ శాఖ సార్?"

"భూగోళం."

"ఆ శాఖలో దీని సంగతి చూసేవాళ్లు ఎవరున్నారండీ?"

నారాయణమూర్తి గోడ గడియారం చూశాడు. అయిదుకు అయిదు నిమిషాలు తక్కువ.

"ఇంకో అయిదు నిమిషాలు నేనున్నాను" అన్నాడు.

గుమస్తా ముద్ర వేశాడు. మురిగిన ఆ ఉద్యోగం మళ్లీ రావాలంటే కొత్తగా మంజూరు చేసి, ప్రకటన ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.